యాభై ఒకటి విరగదు

మమలిగని కత్తితో కోసేవాళ్ళని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మా అమ్మ దారంతోనే కోసేది, వాళ్ళమ్మా దారంతోనే కోసేది. మొక్కజొన్న పిండి ఉడికించి, పళ్ళెంలో పోసి, అది గట్టిపడ్డాక దారాన్ని రెండు చేతుల మధ్య బిగించి నొక్కితే ముక్క శుభ్రంగా తెగుతుంది. కత్తయితే సగం దానికే అంటుకుపోతుంది. జైల్లో కత్తి ఎలాగూ ఇవ్వరు కాబట్టి మా గదిలో దుప్పటి అంచు నుంచి లాగిన నూలు పోగే మాకు కత్తి.

గది గురించి ఎక్కువ చెప్పను. కిటికీకి బయట నుంచి చెక్కలు కొట్టేశారు, ఆకాశం కనపడదు. తలుపుకి లోపలి వైపు పిడి లేదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది అదే. నలభై దాటినదాన్ని, సొంత ఇల్లు నడిపినదాన్ని, బొతొషాన్ సంతలో గొర్రె జున్ను అమ్ముతూ మగాళ్ళతో గొడవపడి నెగ్గినదాన్ని, ఒక తలుపు తీసుకునే దిక్కు లేకపోయింది. పగలు నడుం వాల్చకూడదు. గట్టిగా మాట్లాడకూడదు. మూడంతస్తుల మంచాల మధ్య అంతమంది ఆడవాళ్ళం ఒకరు వదిలిన గాలి ఒకరు పీల్చుకుంటూ కూర్చునేవాళ్ళం. కొందరికి శిక్ష ఎన్నేళ్ళో చెప్పారు, కొందరికి అదీ చెప్పలేదు. నా నేరమల్లా సర్కారుకి చిక్కకుండా అడవిలో దాక్కున్న మా మరిదికి జున్నూ రొట్టే పంపించడం. నేరమని అప్పుడూ తెలుసు. మళ్ళీ అడిగితే మళ్ళీ పంపిస్తాను.

మధ్యాహ్నం తలుపు తెరుచుకుంటే ఇద్దరు మోసుకొచ్చేంత పెద్ద ఇనప పళ్ళెం నిండా మమలిగ లోపలికి వచ్చేది. గదంతటికీ అదొక్కటే. కాపలా ఆవిణ్ణి మేం కాకి అనేవాళ్ళం, గొంతు అలా ఉండేది కాబట్టి. "పంచుకోవడం మీ పని, కొట్టుకు చావడం మీ పని," అని తలుపు మూసేసేది. మొదట్లో నిజంగానే కొట్టుకున్నాం. ఎవ్దోకియ అని ఒకావిడ ఉండేది, కల్నల్ పెళ్ళాం. మేం కల్నలమ్మ అనేవాళ్ళం. పియానో వాయించిన చేతులవి. ఆ చేతులతోనే ముక్క పెద్దదయిందని పక్కావిడ చెంప పగలగొట్టింది. ఆకలి అలాంటిది, దాంట్లో సిగ్గుపడేదేం లేదు.

ఆ గొడవ ఆపింది సిదోనియ. యాషి పట్నంలో ఆడపిల్లల బళ్ళో లెక్కల టీచరు. సన్నటి మనిషి, కళ్ళజోడులో ఒక అద్దం పగిలిపోయింది. వచ్చిన వారానికి లేచి నిలబడి, "నేను కోస్తాను. అందరూ తీసుకున్నాక మిగిలిన ముక్క నేను తీసుకుంటాను," అంది. కోసేవాళ్ళు చివర తీసుకుంటామంటే ఎవరు కాదంటారు? దారానికి ముడులు వేసి, చీపురు పుల్ల మీద గోటితో గీతలు గీసి, పళ్ళేన్ని ఎంత సమంగా కోసేదంటే కల్నలమ్మ కూడా మూతి ముడుచుకుని ఊరుకుంది.

ఆవిడ పద్ధతి ఇది. గదిలో ఎంతమందిమో ఆ అంకెని రెండు అంకెల హెచ్చవేతగా విరవాలి. నలభై ఎనిమిది మందిమయితే నిలువు ఆరు, అడ్డం ఎనిమిది. నలభై రెండయితే ఆరూ ఏడూ. ఆవిడ వాటిని కారణాంకాలు అనేది. మాకు ఆ మాట నోరు తిరిగేది కాదు, విరుపులనేవాళ్ళం. మరి నలభై మూడు వస్తే? దానికి విరుపు లేదు. ఒకటే వరసలో నలభై మూడు పీలికలు కోస్తే దారం కింద అంతా పొడి పొడి అయిపోతుంది, ఆ పొడి కోసం మళ్ళీ కొట్లాట. అందుకని అలాంటి రోజున నలభై నాలుగుకి కోసేది, నాలుగు పదకొండులు. ఒక ముక్క మిగిలేది. దానికి మేం పెట్టుకున్న పేరు దేవుడి ముక్క. అది వంతులవారీగా ఒకరి తరవాత ఒకరికి వెళ్ళేది.

దాంతో గదిలో అందరికీ విరగని అంకెల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. జపమాల తిప్పే ముసలమ్మలు కూడా నలభై ఒకటి, నలభై మూడు, నలభై ఏడు అని గొణిగేవాళ్ళు. ఎవరైనా కొత్తగా వచ్చినా, ఎవరినైనా తీసుకుపోయినా, ముందు వాళ్ళ గురించి కాదు, అంకె గురించి ఆలోచించేవాళ్ళం. అంత దిగజారాం.

యాభై మూడుకి చేరిన రోజు నాకు అనుమానం వచ్చింది. సంతబుద్ధి ఎక్కడికి పోతుంది? "టీచరమ్మా, ఇది విరగదని అంత తేలిగ్గా ఎలా చెప్పేస్తున్నావు? అన్నిటితోనూ భాగించి చూశావా?" అన్నాను.

"రెండు, మూడు, ఐదు, ఏడు. ఈ నలుగురినీ అడిగితే చాలు సఫ్తా."

"నాలుగుని వదిలేశావే. ఆరుని?"

"అవి రెండుకి గుణిజాలు. రెండు కాదంటే దాని పిల్లలు కూడా కాదన్నట్టే."

"సరే, మరి పదకొండు? పదమూడు?"

"పదకొండు పోతుందనుకో, దానికి జత ఒకటి ఉండాలి కదా. పదకొండు ఐదులు యాభై ఐదు, దాటిపోయింది. అంటే ఆ జత ఐదు కన్నా చిన్నదై ఉండాలి. చిన్నవాళ్ళని ముందే అడిగేశాం, లేమన్నారు. పెళ్ళాం ఊళ్ళోనే లేదని తేలాక మొగుడి కోసం ఇల్లు వెతకడమెందుకు?"

"మా ఇంటికి ఆ లెక్క పనికిరాదు. నేను జైల్లో ఉన్నా మా ఆయన ఇంట్లోనే ఉన్నాడు," అన్నాను.

నోళ్ళకి దుప్పట్లు అడ్డం పెట్టుకుని అందరూ నవ్వారు. తలుపు దగ్గర కూర్చున్న జంఫిర అయితే దగ్గు వచ్చేదాకా నవ్వింది.

ఆ జంఫిర గురించే చెప్పాలి. గదిలో అందరికన్నా చిన్నది. పండగ చొక్కాల మీద పూలు కుట్టే పని దానిది. గుడ్డ పోగులు లెక్కపెట్టి కుట్టే పని. వాళ్ళన్నయ్య సరిహద్దు దాటాడని దీన్ని పట్టుకొచ్చారు. టీచరమ్మకి ప్రియశిష్యురాలు. బూటు అడుగున సబ్బు రాసి, దాని మీద పుల్లతో నూరు వరకు అంకెలు వేసి, రెండుకి గుణిజాలన్నీ కొట్టేసి, మూడువి కొట్టేసి, అలా మిగిలినవాటిని ఇద్దరూ గుసగుసగా చదువుకునేవాళ్ళు. నాకు ఆ ఓపిక లేదు.

ఆ నవ్వులో వచ్చిన దగ్గు తగ్గలేదు. కొన్నాళ్ళకి గుడ్డలో నెత్తురు పడింది. నేను తలుపు బాదాను. కాకి వచ్చి తలుపు కన్నంలోంచి చూసింది.

"డాక్టర్ని పిలవండి."

"వస్తాడు. చచ్చాక వచ్చి సంతకం పెడతాడు."

మేం చెయ్యగలిగింది తిండి ఒక్కటే. దేవుడి ముక్క ఇకనుంచి వంతుల్లేకుండా జంఫిరకే ఇద్దామని టీచరమ్మ అడిగింది. ఎవరూ మాట్లాడలేదు. నా వంతు మర్నాడే, నేను కూడా మాట్లాడలేదు. చివరికి కల్నలమ్మ నోరు తెరిచింది.

"నా నోటి దగ్గరిది నేను ఎవరికీ ఇవ్వను. మీరు కూడా ఇవ్వలేరు, పెద్ద మనసులున్నట్టు నటించకండి. మిగిలిందయితే ఇద్దాం. అది ఎవరిదీ కాదు. కానీ అంకె విరిగిన రోజున ఆ పిల్లకీ మనలాగే ఒకటే ముక్క. ఎవరూ ఏడవకూడదు, బతిమాలకూడదు. ఇష్టమేనా?"

ఇష్టమేనన్నాం. అంతకన్నా మంచి బేరం ఆ గదిలో కుదరదు. ఆ రోజు నుంచి జంఫిర ప్రాణం యాభై మూడు మీద ఆధారపడింది. మాలో ఎవరినీ తీసుకుపోకూడదు, ఎవరినీ తీసుకురాకూడదు. విడుదల కోసం మొక్కుకునేవాళ్ళు కూడా ఆ పిల్ల వంక చూసి మొక్కు మధ్యలో ఆపేసేవాళ్ళు. అన్నివైపులా గోడలున్న చోట ఇంకో గోడ కట్టుకున్నట్టయింది.

రెండు ముక్కలు పడేసరికి పిల్ల తేరుకుంది. జ్వరం దిగింది, దగ్గులో ఎరుపు తగ్గింది. మంచం మెట్లు తనే ఎక్కడం మొదలుపెట్టింది. మేమందరం దాన్ని మా సొంత దూడని చూసుకున్నట్టు చూసుకున్నాం.

అప్పుడు ఒక ఉదయం తలుపు తీసి, కొండ ఊళ్ళ నుంచి వచ్చిన అక్కచెల్లెళ్ళిద్దరి పేర్లూ పిలిచారు. "సామాన్లతో బయటికి." ఆ మాటకి అర్థం విడుదలో, ఇంకో జైలో, ఇంకేదో ఎవరికీ తెలీదు. వాళ్ళు మమ్మల్ని కౌగిలించుకుని వెళ్ళిపోయారు. తలుపు పడింది. ఎవరూ ఏడవలేదు. అందరం టీచరమ్మ వైపు తిరిగాం.

మధ్యాహ్నం పళ్ళెం వచ్చేదాకా ఆవిడ మాట్లాడలేదు. పళ్ళెం నేల మీద పెట్టాక మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకుంది.

"యాభై ఒకటి. సరి అంకె కాదు," అంది మెల్లిగా. తరవాత పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. జంఫిర మంచం కోడు పట్టుకుని నిలబడింది.

"విరగదు," అంది టీచరమ్మ.

గదంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. ఎవరో గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నారు. జంఫిర మాత్రం టీచరమ్మ మొహంలోకే చూస్తూ ఉండిపోయింది.

"నిజంగానా టీచర్?"

"నిజం. కూర్చో, నిలబడకు."

యాభై రెండుకి కోసింది, నాలుగు పదమూడులు. పిల్ల రెండు ముక్కలూ తల వంచుకుని తినేసింది.

మర్నాడు పొద్దున హాజరు. మా నడవా ఇరుకు, ముగ్గురు పక్కపక్కన నిలబడితే నిండిపోతుంది. అందుకని కాకి మమ్మల్ని ముగ్గురేసి వరసల్లో నిలబెట్టి వరసలు లెక్కపెట్టేది. నేనూ జంఫిరా ఎప్పుడూ చివర్న, తోకలో ఇద్దరమే, పక్క చోటు ఖాళీ. ఆ పొద్దున నా పక్కకి ఇంకొకావిడ వచ్చి నిలబడింది.

"పదిహేడు. మిగిలినవాళ్ళు లేరు," అంది కాకి.

నా బుర్రకి అది ఎక్కడానికి కాసేపు పట్టింది. ముగ్గురేసి, పదిహేడు వరసలు, ఒక్కరూ మిగల్లేదు. అంటే యాభై ఒకటి విరిగింది. నా కళ్ళముందే, మనుషులతో విరిగి నిలబడి ఉంది. పళ్ళేన్ని మూడు పదిహేడులుగా కోసి ఉండొచ్చు. ఏ ముక్కా మిగిలేది కాదు, ప్రతి ముక్కా ఒక పిసరు పెద్దదయ్యేది. ఆ పిసరు గుర్తొచ్చేసరికి నాకు కోపం నషాళానికంటింది. నవ్వుకుంటే నవ్వుకోండి. ఆ గదిలో కూర్చుని ఆ ముక్క చూసి ఉంటే నవ్వు రాదు.

మలం బక్కెట్టు మోసే వంతు ఆ రోజు ఇంకెవరిదో. ఆవిణ్ణి బతిమాలి ఆ వంతు నేను తీసుకుని, రెండో పక్క పట్టుకోవడానికి టీచరమ్మని పిలిచాను. నడవా చివరిదాకా ఇద్దరు మాట్లాడుకోగలిగే చోటు అదొక్కటే.

"మూడు పదిహేడులు ఎంత టీచరమ్మా?"

ఆవిడ అడుగు తడబడి బక్కెట్టు నా కాలి మీద తొణికింది.

"యాభై ఒకటి."

"మరి నిన్న?"

"నిన్న అబద్ధమాడాను."

అంత తిన్నగా ఒప్పుకుంటుందనుకోలేదు.

"మా అందరి ముక్కలూ చిన్నవి చేశావు," అన్నాను.

"ఒక్కొక్కరి దాంట్లో యాభై రెండో వంతు. గోరంత."

"ఆ గోరంతే నాకు కావాలి. నీకేం తెలుసు, చీమ తలకాయంత మెతుకు కోసం నేను వేళ్ళు నాకుతున్నాను."

"నాకు తెలుసు సఫ్తా. నేను కూడా నాకుతున్నాను." ఆవిడ ఆగి ఊపిరి తీసుకుంది. "వెళ్ళి చెప్పెయ్యి. కల్నలమ్మకి చెబితే చాలు, ఈ మధ్యాహ్నమే దారం నా చేతిలోంచి పోతుంది. నేను ఆపను."

"బెదిరిస్తున్నావా?"

"లేదు. నాకు ఊపిరాడట్లేదు. పాతికేళ్ళలో పిల్లలకి ఒక్క తప్పు లెక్క చెప్పలేదు. విచారణలో కుర్చీకి కట్టేసి అడిగినా అబద్ధం రాలేదు, నోరు మూసుకున్నాను అంతే. ఇక్కడికొచ్చి మీకు ఆడాను. మూడుని అడిగాను, అది వెంటనే అవునంది. నేను కాదన్నాను." ఆవిడ బక్కెట్టు చెయ్యి మార్చుకుంది. "ఇంకా ఎన్నాళ్ళు దాగుతుంది? ఒకరు పోతే యాభై. ఒకరు వస్తే యాభై రెండు. సరి అంకె విరగదంటే ఎవరు నమ్ముతారు?"

కాకి వెనక నుంచి అరిచింది. మేం బక్కెట్టు ఎత్తుకుని నడిచాం.

నేను చెప్పలేదు. జాలి వల్ల కాదనుకుంటాను, లేదా జాలి వల్లేనేమో. ఆ రోజు పళ్ళెం ముందు కూర్చున్నప్పుడు నోటిదాకా వచ్చింది. జంఫిర ముక్క అందుకుంటూ ఉంటే దాని మణికట్టు కనపడింది, పెన్సిలంత ఉంది. మాట మింగేశాను. మాటతో పాటు నా చిన్న ముక్క కూడా.

అప్పటినుంచి నాకు నిద్రలేదు. అబద్ధం ఆడింది ఆవిడ, కాపలా కాస్తున్నది నేను. రోజూ పొద్దున ఆ ముగ్గురేసి వరసల్లో ఒక్కొక్కరి మొహమూ చూసేదాన్ని. ఎవరికో ఒకరికి వెలుగుతుంది, అరుస్తారు, దారం లాక్కుంటారు, పిల్ల మళ్ళీ నెత్తురు కక్కుతుంది. ఒక పొద్దున ఉండబట్టలేక ముందు వరసలోకి దూరి నలుగురిమై నిలబడ్డాను, వెనక ఇద్దరు మిగిలితే లెక్క మసకబారుతుందని. కాకి వచ్చి తాళాల గుత్తితో వీపు మీద ఒకటేసింది.

"మూడు లెక్కపెట్టడం రాదా నీకు?"

"రాదమ్మా, నేను జున్ను అమ్ముకునేదాన్ని," అన్నాను.

నా ముందున్న కల్నలమ్మ తల తిప్పి నన్నొకసారి చూసింది.

వారం తిరక్కుండానే తలుపు తెరుచుకుని ఒకావిడ లోపలికి వచ్చి పడింది. నిజంగానే పడింది, వెనక నుంచి తోశారు. పేరు ఒర్తాన్స. గలాట్స్ రేవులో ఏదో సహకార సంఘంలో లెక్కలు రాసేదట. విచారణ కింది అంతస్తులో ఎంత కాలం పెట్టారో, గౌను వేలాడుతోంది, కళ్ళ కింద నలుపు. మామూలుగా అయితే కొత్తవాళ్ళని చుట్టుముట్టి బయటి కబుర్లు అడుగుతాం. ఆవిడకి మంచం చూపించినవాళ్ళు కూడా లేరు. అందరం జంఫిర వైపు చూడకుండా ఉండడానికి నానా తంటాలు పడుతున్నాం.

యాభై రెండు. సరి అంకె. దీనికి టీచరు అక్కర్లేదు, వేళ్ళు చాలు.

పళ్ళెం వచ్చింది. టీచరమ్మ దాని ముందు కూర్చుని దారం తీసింది. నాకు తెలుసు ఆవిడ ఏం చేయబోతోందో. నిజం చెప్పేస్తుంది. ఇంకో దారి లేదు. పిల్ల మంచం మీద గోడకి ఆనుకుని కూర్చుంది, ఆ పొద్దున్నే మళ్ళీ దగ్గింది. తలుపు మూసి ఉంది, కిటికీ మూసి ఉంది, ఆవిడ నోరు కూడా మూసుకుని ఉంది.

"టీచరమ్మా," అంది కల్నలమ్మ. "అంకె విరుగుతుందా?"

టీచరమ్మ తలెత్తింది. పగిలిన అద్దం వెనక కన్ను నిండిపోయింది. "యాభై రెండు..." అని ఆగిపోయింది.

"విరగదు," అంది కల్నలమ్మ.

నేను తప్పు విన్నాననుకున్నాను. టీచరమ్మ కూడా అలాగే అనుకుంది కాబోలు, నోరు తెరిచి అలా ఉండిపోయింది.

"ఏంటలా చూస్తావు? నా మాట వినపడలేదా? విరగదన్నాను."

"విరగదు," అంది కిటికీ పక్క ముసలమ్మ, జపమాల పట్టుకునే.

"ఎక్కడ విరుగుతుంది, మొండి అంకె," అంది ఇంకొకావిడ.

అలా ఒక్కో మంచం నుంచి ఒక్కో గొంతు. కొందరు చాలా సేపటికి అన్నారు, కొందరు పళ్ళెం వైపు చూస్తూ పళ్ళు బిగించి అన్నారు. అది ఔదార్యం కాదు, ఒంట్లోంచి ఏదో పీకి ఇస్తున్నట్టే ఉంది. కానీ అన్నారు.

కొత్తగా వచ్చిన ఒర్తాన్సకి మాత్రం ఇది మింగుడు పడలేదు. "అదేంటి? యాభై రెండులో సగం ఇరవై ఆరు కదా. నేను లెక్కలు రాసేదాన్ని, నాకు..."

"ఏమ్మా లెక్కలావిడా, బయట ఏమైనా కావచ్చు. ఈ గదిలో విరగదు," అన్నాను నేను.

కల్నలమ్మ నా వైపు తిరిగింది. "నువ్వొక్కదానివే తెలివిగలదానివనుకున్నావా సఫ్తా? నలుగురితో నిలబడి వీపు పగలగొట్టించుకుంటే మాకు కనపడదా? రోజూ ముగ్గురేసే నిలబడుతున్నాం. పదిహేడు వరసలని కాకి రోజూ అరుస్తూనే ఉంది. ఈ గదిలో చెవిటివాళ్ళు లేరు."

అంటే, మొదటి పొద్దు నుంచి అందరికీ తెలుసు. ఇన్నాళ్ళూ ఎవరికి వాళ్ళం మిగతావాళ్ళకి తెలియకూడదని వణికిపోతూ, ఎవరి కాపలా వాళ్ళం కాసుకున్నాం.

టీచరమ్మ చేతిలో దారం పట్టుకుని ఏడుస్తోంది, కానీ లెక్క వదలలేదు. "అయితే యాభై మూడుకి కొయ్యాలి. యాభై మూడు..." అని ఆగి, ముక్కు తుడుచుకుంది. "అది నిజంగానే విరగదు. యాభై నాలుగుకి కొయ్యాలి. రెండు ముక్కలు మిగులుతాయి."

గది నీరుగారిపోయింది. ఒక ముక్క అనుకుని గుండె రాయి చేసుకున్నవాళ్ళం, రెండా? కల్నలమ్మ పళ్ళెం వంక చూసింది, తలుపు వంక చూసింది.

"కొయ్యి," అంది. "రెండోది ఈ లెక్కలావిడకి పడెయ్యి. దాని గౌను చూడు, ఇద్దరు పట్టేలా ఉంది."

ఆరు తొమ్మిదులు కోసింది టీచరమ్మ. ఒర్తాన్స రెండు ముక్కలూ రెండు చేతుల్లో పట్టుకుని కాసేపు మా అందరినీ చూసింది. తరవాత నోటి నిండా పెట్టుకుని, నములుతూనే, "విరగదు," అంది. ఈసారి ఎవరూ నవ్వు ఆపుకోలేకపోయారు. కాకి తలుపు మీద తన్నింది.

జంఫిర ముక్కలు నేనే తీసుకెళ్ళాను. పిల్ల అవి ఒళ్ళో పెట్టుకుంది గానీ ముట్టుకోలేదు. నన్ను పక్కన కూర్చోమంది. గొంతు తగ్గించి మాట్లాడింది.

"సఫ్తక్కా, నాకు మొదటి రోజే తెలుసు."

"ఏంటే తెలిసింది?"

"మూడు పదిహేడులని. హాజరుకి కూడా కాదు, టీచర్ కళ్ళు మూసుకున్నప్పుడే తెలుసు. నేను చొక్కా చేతికి పూలు వేసేదాన్ని కదా, మూడేసి పోగులకి ఒక పువ్వు, పదిహేడు పూలకి యాభై ఒక్క పోగులు. బూటు మీద యాభై ఒకటిని కొట్టేసింది కూడా నేనే." పిల్ల నా మొహంలోకి చూడలేకపోయింది. "మీ అందరిదీ తింటున్నానని తెలుసు. ఎవరిదీ కాని ముక్క అని మీరనుకుంటున్నారని కూడా అనుకున్నాను. అయినా తిన్నాను."

"మరి నిజంగానా టీచర్ అని అడిగావెందుకే?"

"ఆవిడ మనసు మార్చుకుంటుందేమోనని భయమేసి. ఇంకోసారి అనిపిద్దామని."

దాని వేళ్ళు ముక్క అంచు మీద ఆడుతున్నాయి.

"నాకు బతకాలనుందక్కా," అంది. "సిగ్గు లేకుండా, చాలా బతకాలనుంది."

నేను తలగుడ్డ కొసతో మొహం తుడుచుకున్నాను. కల్నలమ్మ కింది మంచం నుంచి అంతా వింటూనే ఉంది, ఆవిడ చెవులు పాము చెవులు. అటు తిరిగి కూర్చుంది, వినపడనట్టు.

"అయితే తిను," అన్నాను. "చల్లారిపోతే రాయవుతుంది."

పిల్ల తినడం మొదలుపెట్టింది.